పోర్టబుల్ అంటే ఎవరు మొయ్యాలి?

ఒడిశాలోని మా రాయగడ ఇంట్లో మేడ మీద ఒక ట్రెడ్‌మిల్ ఉంది. ఎడమ కడ్డీ మీద మా అత్తయ్య చీరలు, కుడి కడ్డీ మీద మా ఆయన లుంగీలు ఆరుతుంటాయి. ముసురు పట్టిన రోజుల్లో దానంత పనికొచ్చే వస్తువు ఇంట్లో ఇంకోటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 2022లో నేను దాన్ని కొన్నది బట్టలారేయడానికి కాదు, నడవడానికి. అదీ రాయగడలో కాదు, కొరాపుట్‌లో. అమ్మేవాళ్ళు 'పోర్టబుల్' అని రాస్తే నమ్మాను. ఆ ఒక్క మాట నమ్మినందుకు 27 వేల రూపాయలు, ఇద్దరు కళాసీల కూలి, నాలుగు రోజుల నడుంనొప్పి, ఏడాదిన్నర కాలం పోయాయి. ఆ కడుపుమంటతోనే రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సోమవారం నుంచి శనివారం దాకా కొరాపుట్‌లో ఉద్యోగం, ఆదివారం రాయగడలో కాపురం. శనివారం సాయంత్రం దొరికితే హిరాఖండ్ రైలు, లేదంటే బస్సు. సోమవారం తెల్లవారుజామున మళ్ళీ అదే దారి, టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరమే కానీ కొండల దారి. కొరాపుట్‌లో ఒక ఒడియా కుటుంబం మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. 43వ ఏట సుగర్ బయటపడింది. "మాత్రలు నేను రాస్తాను, నడక మాత్రం మీరే నడవాలమ్మా" అన్నారు డాక్టరుగారు. వారానికి 150 నిమిషాలన్నా ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నా లెక్కలో ఆ ఐదు రోజులూ నేను ఇంట్లో లేని రోజులే.

"బయట నడవొచ్చు కదా, పైసా ఖర్చు లేదు" అని మీరు అనబోతున్నారని తెలుసు. మా బావగారు అన్నారు, ఆఫీసులో పెద్దాయన అన్నారు, మా తమ్ముడు ఫోన్లో మూడుసార్లు అన్నాడు. అన్నవాళ్ళంతా మగవాళ్ళే, అది నేను కావాలని లెక్కపెట్టలేదు, తర్వాత గుర్తొచ్చింది. కొరాపుట్ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వాన పడటం కాదు, వాన అక్కడే కాపురం పెడుతుంది. డిసెంబరు, జనవరుల్లో పొద్దున ఏడున్నరకి కూడా పొగమంచులో ఎదుటి గేటు కనబడదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు, అప్పటికి మా వీధి కుక్కలు డ్యూటీ ఎక్కేసి ఉంటాయి. చీకట్లో ఒక్కదాన్నే నడుస్తుంటే పక్కన స్లో అయ్యే బైకుల గురించి ఇక్కడ విడమరచి చెప్పక్కర్లేదు, చదివే ఆడవాళ్ళకి తెలుసు. శబర శ్రీక్షేత్రం గుడి కొండ మీదకి ఎక్కి దిగితే మంచి వ్యాయామమే, ఆదివారాలు అక్కడ ఉంటే ఎక్కేదాన్నే. జిమ్ము ఒకటి చూశాను, ఆడవాళ్ళ టైము పగలు పదకొండు నుంచి ఒంటిగంట. ఉద్యోగం చేసే ఆడమనిషి ఆ టైములో ఎలా వస్తుందని అడిగితే ఆ అబ్బాయి నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

అలా ట్రెడ్‌మిల్ మీదకి మనసు పోయింది. మొదటిసారి ఆ యంత్రం ఎక్కింది విశాఖలో టీఎంటీ అనే గుండె పరీక్షకి. ఛాతీ నిండా వైర్లు అంటించి నడిపిస్తారే, అది. 1963లో రాబర్ట్ బ్రూస్ అనే గుండె డాక్టరు ఖాయం చేసిన పద్ధతి అట, ఇప్పటికీ చాలాచోట్ల అదే: మూడేసి నిమిషాలకు ఒక మెట్టు, మొదటి మెట్టు గంటకు 2.7 కిలోమీటర్లు, కానీ పది శాతం వాలు మీద. 2.7 అంటే పెళ్ళి ఊరేగింపు నడక, అయినా మూడో మెట్టుకి నాకు ఊపిరి అందలేదు. ఆ యంత్రానికి అంతకన్నా పాత చరిత్ర కూడా ఉంది. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు జైళ్ళలో ఖైదీల చేత తొక్కించడానికి పెద్ద మెట్ల చక్రం తయారు చేశాడు, ట్రెడ్‌మిల్ అన్న పేరు అక్కడిదే. ఇది చెప్పినప్పటి నుంచి మా ఆయన "ఏటి, ఇవాళ శిక్ష అయిందా?" అని ఫోన్లో అడుగుతుంటారు.

అసలు విషయం ఇది. 'పోర్టబుల్' అన్న మాట కింద దుకాణాలవాళ్ళు మూడు వేరువేరు సంగతులు కలిపి అమ్ముతున్నారు. ఒకటి, చక్రాలున్నాయి కాబట్టి నున్నటి నేల మీద దొర్లుతుంది. రెండు, మడిస్తే చోటు తక్కువ పడుతుంది. మూడు, మనిషి ఎత్తి ఇంకో ఊరికి పట్టుకుపోగలడు. మొదటి రెండూ నిజం. మూడోది ఎవరూ నోటితో చెప్పరు, మనమే ఊహించుకుంటాం, వాళ్ళు కాదనరు. నేను ఊహించుకున్నాను. నా కొరాపుట్ పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదంది, రాయగడ 765001 కొడితే ఉందంది. సరే, ఇక్కడికి తెప్పించుకుని అటు పట్టుకుపోదాం, పోర్టబులే కదా అనుకున్నాను. పెట్టెతో కలిపి 46 కేజీలు వచ్చింది. పెట్టె విప్పితే 39. కారు డిక్కీలో పట్టలేదు, వెనక సీటు మడిచినా డోరు పడలేదు. బస్సు కండక్టరు చూసి నవ్వాడు. అటు తీసుకెళ్ళి కొరాపుట్ మేడ మెట్ల మలుపులో దాన్ని తిప్పడం ఎలాగన్నది ఆ తర్వాతి ప్రశ్న. చివరికి వరండాలో అడ్డంగా ఉందని అత్తయ్య గొడవ చేస్తే ఇద్దరు కళాసీలను పిలిచి మా మేడ మీదకే ఎక్కించాం. దించడానికి నలుగురు కావాలని వాళ్ళే చెప్పి వెళ్ళారు, ఎందుకో ఎక్కించడం కన్నా దించడమే కష్టమట.

రెండోసారి కొనేముందు నేనొక పరీక్ష పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి, యాప్‌లో రివ్యూలన్నీ చదివినా ఇంత తెలీదు. ఇంట్లో పాతిక కేజీల బియ్యం బస్తా ఉంటుంది కదా. దాన్ని నేల మీద నుంచి ఎత్తి పది అడుగులు నడిచి, ఒక ఆరు మెట్లు ఎక్కండి. ఎక్కగలిగితే పాతిక కేజీల లోపు వాకింగ్ ప్యాడ్, అంటే నడకకి మాత్రమే పనికొచ్చే పలచటి ట్రెడ్‌మిల్, మీకు పోర్టబులే. లేకపోతే మీకు అది నేల మీద దొర్లే వస్తువు మాత్రమే, మెట్ల దగ్గర ఆగిపోతుంది. నేను ఎత్తాను, నాలుగో అడుగుకి దించేశాను. పైగా బస్తా మెత్తగా భుజానికి ఒదుగుతుంది, ప్యాడ్ అలా కాదు, నాలుగడుగుల పైన పొడుగున్న ఇనప పలక. దాంతో నాకు కావాల్సింది ఊళ్ళు తిరిగేది కాదని తేలిపోయింది. ఒక్కసారి ఎవరిచేతనో మోయించి కొరాపుట్ గదిలో దింపితే, ఆ తర్వాత రోజూ నేనొక్కదాన్నే మంచం కింద నుంచి లాగి, నడిచి, మళ్ళీ తోసెయ్యగలిగేది కావాలి. 'ఇంటికి దూరంగా వ్యాయామం' అని వెతికే మనలో చాలామంది అవసరం ఇదేనని నా అనుమానం. ఊరూరా తిరుగుతూ నడవడం కాదు, ఇంకో ఊళ్ళో ఉన్న రెండో గదిలో నడవడం. ట్రాన్స్‌ఫర్ ఉద్యోగాలవాళ్ళు, దామన్‌జోడి, సునాబెడ లాంటి చోట్ల క్వార్టర్లలో ఉండేవాళ్ళు, పిల్లల చదువు కోసం బరంపురంలో గది తీసుకుని సగం నెల అక్కడుండే అమ్మలు, అందరిదీ ఇదే కథ. ఈ తేడా తెలిస్తే సగం మోడళ్ళు వాటంతటవే పక్కకి పోతాయి.

వాకింగ్ ప్యాడ్ అంటే చేతి కడ్డీలు లేని, లేదా మడిచే కడ్డీ ఒకటున్న పలచటి ట్రెడ్‌మిల్. నేను రెండోసారి కొన్నది అదే. గంటకు 6 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, కడ్డీ లేపితే ఇంకొంచెం ఎక్కువ వెళ్ళేవీ ఉన్నాయి. పరిగెత్తాలనుకునేవాళ్ళకి ఇది కాదు, అక్కడితో వాళ్ళు చదవడం ఆపెయ్యొచ్చు. నాకు 4.5 చాలు. నిమిషానికి వంద అడుగులు పడితే ఓ మోస్తరు చురుకైన నడక కింద లెక్క. గోడగడియారం చూసుకుంటూ అడుగులు లెక్కపెడితే నాకు ఆ వేగంలో వందా పదీ పడుతున్నాయి.

మోటారు దగ్గర అందరూ మోసపోతారు, నేనూ పోయాను. పెట్టె మీద 2.5 హెచ్‌పీ అని పెద్ద అక్షరాలుంటాయి, పక్కన చిన్నగా 'పీక్' అని. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. రెండున్నర అంటే 1865 వాట్లు. మన 230 వోల్టుల కరెంటులో అంత లాగాలంటే ఎనిమిది ఆంపియర్ల పైన కావాలి. ఆ యంత్రానికి ఇచ్చిన ప్లగ్గేమో టీవీకి పెట్టే చిన్న మూడు పిన్నుల ప్లగ్గు, 6 ఆంపియర్లది, 1380 వాట్లు దాటితే దాని పని కాదు. అంటే ఆ రెండున్నర ఎప్పుడో క్షణం సేపు వచ్చే లెక్కే కానీ రోజూ మిమ్మల్ని మోసే బలం కాదు. యంత్రం అడుగున ఒక స్టిక్కరుంటుంది, అక్కడ అసలు వాట్లు రాసి ఉంటాయి. నా దాని మీద 550. ముప్పావు హార్స్‌పవర్ కూడా లేదు, అయినా 68 కేజీల నన్ను రెండేళ్ళుగా బాగానే మోస్తోంది. వెతకాల్సింది 'కంటిన్యువస్' అన్న అంకె కోసం, అంటే ఆగకుండా ఇచ్చే బలం. అది రాయకుండా పీక్ ఒక్కటే రాసిన దాన్ని నేను కొనను. మోయగల బరువు దగ్గరా ఇంతే, వంద కేజీలని రాసి ఉంటే ఎనభై దాటినవాళ్ళు ఆ మోడల్ వదిలెయ్యడం మంచిది, అంచు మీద నడిపిన మోటారు వేడెక్కి ముందే పోతుంది.

బెల్టు కొలత టేపు పెట్టి చూడండి. నాది 40 సెంటీమీటర్ల వెడల్పు, 102 పొడుగు. అయిదడుగుల రెండంగుళాల నాకు సరిపోయింది. ఆరడుగుల మా ఆయన ఒకసారి ఎక్కి, రెండో నిమిషంలో మడమ వెనక రోలరు మీద పడి, "నీ శిక్ష నువ్వే పడు" అని దిగిపోయారు. పొడుగు మనుషులు 110, 120 ఉన్నది చూసుకోవాలి. అప్పుడు బరువు పెరుగుతుంది, మళ్ళీ బియ్యం బస్తా దగ్గరికి వస్తాం.

కడ్డీ కావాలా వద్దా అన్నదాంట్లో మాత్రం నేను గట్టిగా చెప్తాను. అరవై దాటినవాళ్ళకి, కళ్ళు తిరిగే అలవాటున్నవాళ్ళకి, సుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకి కడ్డీ లేని ప్యాడ్ వద్దు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి నడకలో సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. గ్లూకోజు బిళ్ళలు చేతికందే చోట పెట్టుకోవాలి, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నాకు ఒకసారి చెమట పట్టి కాళ్ళు తేలిపోయినట్టయింది, పక్కనే బీరువా ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని దిగాను. ఆ ఆదివారం రాయగడలో మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టి, సోమవారం నుంచి నడిచే టైము మార్చుకున్నాను, రాత్రి భోజనం ముందు కాదు, తర్వాత. తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే అప్పటి సుగర్ ఎగబాకడం తగ్గుతుందని డాక్టరుగారూ అన్నారు, నా మీటరులోనూ కనబడుతోంది. వట్టి కాళ్ళతో ఎక్కకండి, గదిలోనే కదా అని నేను మొదట్లో అలానే ఎక్కి అరికాలు కాల్చుకున్నాను. బెల్టు రాపిడికి కాలుతుంది, మొద్దుబారిన పాదానికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇప్పుడు మన సరిహద్దు తలనొప్పి. హైదరాబాదులో కూర్చుని రివ్యూ చేసేవాళ్ళకి ఇది తట్టదు. మొదటి యంత్రం బెల్టు మూడో నెలలో పక్కకి జారి గీరుకోవడం మొదలుపెట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే హిందీలో విని భువనేశ్వర్‌కి రాశారు. భువనేశ్వర్ అబ్బాయి "రాయగడ చాలా దూరం మేడం, ఒకటి రెండు వారాలు పడుతుంది" అని ఒకటి రెండు నెలలు పెట్టాడు. విశాఖలో వాళ్ళ మనిషే ఉన్నాడని తెలిసి తెలుగులో ఫోన్ చేస్తే, "మీది ఒడిశా అండి, మా ఏరియా కాదు" అన్నాడు. విశాఖ మాకు ఒక పూట ప్రయాణం, భువనేశ్వర్ ఒక రాత్రంతా రైలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రాయగడ, కొరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందవే. ఆ గీత గీసినవాళ్ళు కూడా మా పెళ్ళిళ్ళనీ ఆసుపత్రులనీ అటు వెళ్ళకుండా ఆపలేదు, ఈ కస్టమర్ కేర్ వాళ్ళు మాత్రం దాన్ని దాటరు. కాబట్టి కొనేముందు డెలివరీ పిన్‌కోడ్ ఒక్కటే చూస్తే చాలదు, టెక్నీషియన్ ఇంటికొచ్చే పిన్‌కోడ్ వేరే ఉంటుంది, అడగండి. మోటారుకి మూడేళ్ళ వారంటీ అన్నంత మాత్రాన మనిషి వచ్చి విప్పే ఖర్చు అందులో ఉన్నట్టు కాదు. అది ఎన్నాళ్ళో విడిగా రాయించుకోండి. వెనక్కి పంపాలంటే పెట్టె కావాలి, నెలరోజులన్నా ఆ అట్టపెట్టె పారెయ్యకండి.

మనకి టెక్నీషియన్ దొరకడు కాబట్టి రెండు పనులు మనమే నేర్చుకోవాలి, నిజానికి రెండూ తేలికే. బెల్టు ఒక పక్కకి జారుతుంటే వెనకాల రెండు బోల్టులుంటాయి, పెట్టెలో వచ్చిన ఎల్ ఆకారం తాళంతో, ఏ పక్కకి జారిందో ఆ పక్క బోల్టు పావు చుట్టు బిగించాలి. పావు చుట్టే. తర్వాత రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి చూడాలి. రెండోది నూనె. బెల్టు కింద పలక మీద సిలికాన్ నూనె కొన్నాళ్ళకోసారి కాస్త వెయ్యాలి, ఎన్నాళ్ళకన్నది కాయితంలో ఉంటుంది. మా ఆయన మొదటి యంత్రానికి "ఏదైనా నూనే కదా" అని కుట్టుమిషను నూనె పోసేశారు, వారానికి బెల్టు ఉబ్బి అడుగు వేస్తే జారడం మొదలెట్టింది. దాని నడక జీవితం అక్కడితో ముగిసింది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు, వోల్టేజీ వల్ల అంటారు.

వోల్టేజీ సంగతీ ఉందిలెండి. వానాకాలం సాయంత్రాలు కరెంటు ఊగుతుంటుంది, ఉన్నట్టుండి పోతుంది. కరెంటు పోతే బెల్టు టక్కున ఆగుతుంది, మన ఒళ్ళు ఆగదు. వేగం తక్కువ పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు. సేఫ్టీ క్లిప్పు ఎక్కేటప్పుడే చొక్కాకి పెట్టుకోవాలి, కానీ అది మనం జారితే బెల్టుని ఆపడానికే. ఇంటి ఇన్వర్టరు మీద నడపొద్దు, ఫ్యాన్లూ లైట్లూ మోసే చిన్న ఇన్వర్టరుకి మోటారు బరువెక్కువ. ఇంకోటి ఎర్తింగు. కొరాపుట్ గదిలో రెండో రోజు యంత్రం అంచు తాకితే చెయ్యి జివ్వుమంది. చలికాలం కదా, పొడి గాలికి రబ్బరు బెల్టు రాపిడితో వచ్చే చిటుక్కుమనే షాకేమో అనుకున్నాను. అది ఒక్కసారి చిటుక్కుమని పోతుంది. ఇది పోలేదు, తాకినంతసేపూ జివ్వుమంటూనే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు విప్పితే మూడో కన్నంలో వైరే లేదు. పాత ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు ట్రెడ్‌మిల్ కన్నా ముందు ఆ మూడో కన్నం చూపించుకోవాలి, 300 రూపాయల పని.

గది కొలవడం గురించి రెండే మాటలు. వెనకాల రెండు మీటర్లు ఖాళీ ఉండాలి, గోడకో మంచానికో వీపు పెట్టి నడిస్తే జారినప్పుడు బెల్టుకీ గోడకీ మధ్య నలిగిపోతాం. రేకుల ఇల్లయితే ఫ్యాన్ ఎత్తు చూసుకోండి, ప్యాడ్ మనల్ని నాలుగైదు అంగుళాలు పైకి లేపుతుంది.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అద్దె ఇంట్లో యంత్రం ఆయుష్షు మోటారు మీద కాదు, కింద ఉండేవాళ్ళ ఓర్పు మీద ఉంటుంది. మొదటి రాత్రి నేను నడుస్తుంటే ఇంటావిడ, నేను మావుసీ అని పిలుస్తాను, పైకొచ్చి తలుపు దగ్గర నిలబడి "ఎయిటా కొణొ?" అంది. మా అత్తయ్య రాయగడలో మొదటి పెట్టె చూసి "ఏటిది?" అంది సరిగ్గా అదే గొంతుతో. భాషలు వేరైనా ఆ ప్రశ్నకి రాగం ఒకటే. మోటారు చప్పుడు కాదు మావుసీ బాధ, అడుగుల దబదబ. పాత బొంత మడిచి కింద పరిచాను, అది ఇంకా పెద్ద తప్పు. యంత్రం ఊగింది, గాలి కన్నాలు మూసుకుని మోటారు వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. తర్వాత జయపురంలో గట్టి రబ్బరు మ్యాట్ ఒకటి తెచ్చాను, మంచాన్ని జరిపి యంత్రాన్ని గోడవారగా, కింద దూలం ఉన్న చోటికి మార్చాను. దబదబ సగం తగ్గింది. రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఎక్కనని మాటిచ్చాను. మావుసీ మనవడు నాలుగేళ్ళవాడు, వాడికి ఈ గదంటే భలే ఇష్టం, అందుకని దిగిన మరుక్షణం సేఫ్టీ తాళం తీసి బీరువాలో పెడతాను, ప్లగ్గు కూడా లాగేస్తాను. 2021 మేలో అమెరికాలో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ యంత్రాలు లక్షా పాతిక వేల దాకా వెనక్కి పిలిచింది, వెనక రోలరు కిందకి ఒక చిన్నారి లాగబడి చనిపోయాక. అది చాలా పెద్ద యంత్రం, నాది పలచటిది, కానీ వేలు నలగడానికి పెద్దది అక్కర్లేదు.

ఇంత చెప్పాక, ఇది ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చా? ప్రయత్నించాను. పోయినేడాది భువనేశ్వర్‌లో మూడు వారాల ట్రైనింగు పడింది. 22 కేజీలు కదా, రైల్లో పట్టుకుపోదామనుకున్నాను. స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ 40 కేజీలు ఉచితమే, బరువుతో పేచీ లేదు. కొలతతో ఉంది. వెంట తీసుకెళ్ళే పెట్టె 100 సెంటీమీటర్ల పొడుగు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు, థర్డ్ ఏసీలో అయితే 55, 45, 22.5. నాది 130 సెంటీమీటర్ల పొడుగు, మడత లేదు. మధ్యకి మడిచేవి ఉన్నాయి, 80, 85కి వస్తాయి, స్లీపరు లెక్కకి సరిపోతాయి కానీ థర్డ్ ఏసీ లెక్కకి అవీ రావు. పైగా సరిగ్గా మనం అడుగేసే చోట కీలు ఉంటుంది, అందుకే నేను వాటిని ఎంచుకోలేదు. బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలు సామాన్ల పెట్టెలో, బుక్ చెయ్యొచ్చు, తెల్లవారుజామున రాయగడ ప్లాట్‌ఫారం మీద దాన్ని ఎవరు దించుతారని ఆలోచించి మానేశాను. భువనేశ్వర్ హాస్టల్లో నాలుగంతస్తుల మెట్లు, పొడుగాటి వరండా ఉన్నాయి. పొద్దున వరండాలో ఇరవై నిమిషాలు, రాత్రి తిన్నాక పదిహేను. మొదటి రోజు నేనొక్కదాన్నే, మూడో వారానికి బరంపురం నుంచొచ్చిన ఇద్దరు, గుణుపురం ఆవిడ ఒకరు కలిశారు, తెలుగులో కబుర్లు. మూడు వారాల్లో సుగర్ ఏమీ పెరగలేదు.

"చూశావా, మరి యంత్రం ఎందుకు?" అన్నాడు తమ్ముడు. వాడు అడిగింది న్యాయమే, చాలా రోజులు దాని గురించి ఆలోచించాను. వరండాలో నడవగలిగింది అక్కడ దీపాలు, కాపలా మనిషి, తోడు ఉన్నాయి కాబట్టి. అవి ఉన్నచోట యంత్రం దండగే, నెలలోపు ప్రయాణాలకైతే అసలు కొననే కొనొద్దు, మంచి బూట్లు ఒక జత చాలు. కొరాపుట్‌లో నాకు అవేవీ లేవు. ఏడాదిలో దాదాపు 250 రాత్రులు నేను ఉండేది ఆ గదిలో. ప్యాడ్ 16 వేలు పడింది, రెండేళ్ళు దాటింది, మూడు నెలల సగటు సుగర్ 8.4 నుంచి 6.9కి దిగింది. మాత్రలూ ఉన్నాయి, అన్నం తగ్గించడమూ ఉంది, మొత్తం పుణ్యం యంత్రానికి ఇవ్వను. దాని తెర మీద చూపించే కేలరీలు మాత్రం నమ్మకండి, అది నా బరువెంతో కూడా అడగలేదు. పక్కన వచ్చే యాప్ రెండో వారమే తీసేశాను, నడవడానికి నా ఫోన్ నంబరుతో దానికేం పని.

ఇక మిగిలింది మేడ మీద బట్టల దండెం. అత్తయ్య ఇవ్వనంటోంది కానీ, బెల్టు ఒకటి మార్పిస్తే నడిచేలాగే ఉంది, మోటారు బాగుంది. రాయగడలో గానీ జేకేపూర్‌లో గానీ ఎవరికైనా కావాలంటే 5 వేలకి ఇచ్చేస్తాను. నలుగురు కళాసీల్ని మాత్రం మీరే తెచ్చుకోవాలి.